మొగ్గలు రాల్చిన ఆర్కిడ్ దొరసాని గారికి

లక్ష్మీసమానురాలైన ఫెలనాప్సిస్ ఆర్కిడ్ దొరసాని గారికి,

మల్కాజిగిరి నుంచి మీ సేవకురాలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. తమరి మొగ్గల్ని మాత్రం పొద్దున ఊడ్చి చెత్తబుట్టలో వేశాను.

రాత్రుళ్లు కొన్ని వారాలపాటు 25 డిగ్రీల లోపు చల్లదనం తగిలితే గానీ మీరు పూలకాడ వెయ్యరని, డిసెంబరులో కిటికీ తెరిచిపెట్టి ఇంటిల్లిపాదీ రగ్గులు కప్పుకున్నాం. మట్టి మీకు గిట్టదు, బెరడు ముక్కలూ బొగ్గూ కావాలి. మాకు ట్యాంకర్ నీళ్లు, మీకు ఫిల్టర్ నీళ్లు. ఎండలు ముదిరాక కూలర్ గది మీకే ఇచ్చాం, అదీ గాలి నేరుగా తగలకుండా. వేర్లు వెండి రంగుకి తిరిగితే నీళ్లు, పచ్చగా ఉంటే ఆగడం. మా మామగారి బీపీ కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు.

ఇంత చేస్తే, ఊరి నుంచి వచ్చిన బంగినపల్లి కాయల్ని అదే గదిలో గడ్డిలో మాగేశామని అలిగారా! పండు మాగేటప్పుడు ఎథిలీన్ అనే వాయువు వదులుతుందట, అది సోకితే మీ మొగ్గలు పసుపెక్కి, ముడుచుకుని, విచ్చకుండానే రాలతాయట. విచ్చితే రెండు మూడు నెలలు నిలిచే పూలు! నెలల తరబడి ఆ కాడకి పుల్ల ఆనించి కాపలా కాసింది చెత్తబుట్ట కోసమా?

మీ చుట్టం వాండా టెస్సెలేటాని చూడండి. మన తూర్పు కనుమల్లో మామిడి కొమ్మల్నే పట్టుకుని బతికేస్తుంది. దానికెవరు కూలర్ పెట్టారు? అడవిలో గాలి ఆడుతుంది, మీ గది మూసి ఉంటుంది అంటావేమో. తెరిస్తే వడగాలి. అప్పుడూ రాల్చేదానివే కదా!

ఇక మర్యాదలు చాలు. మామిడి వచ్చేది ఏడాదికొకసారి. ఆ వాసన లేని మే నెల నాకక్కర్లేదు. ఇద్దరిలో ఒకరు గది ఖాళీ చెయ్యాలంటే అది నువ్వే. బాల్కనీ పడమటి వైపు ఉంది, గుర్తుంచుకో.

కాడ ఇంకా పచ్చగా ఉందని కొయ్యలేదు. కింది కణుపు నుంచి కొత్త కొమ్మ వేసే గుణం నీ జాతికి ఉందని తెలుసు. వేస్తే వెయ్యి. మంచం కింద ఇంకో బుట్టెడు కాయలున్నాయి, అవి మాత్రం కదలవు.

ఇట్లు,
ఫిల్టర్ నీళ్లు మోసే మనిషి