దుప్పట్లు పంచిన తరువాతి పనికి డబ్బెవరు ఇస్తారు?

డిసెంబరు వచ్చిందంటే మన నగరాల్లో దుప్పట్ల పంపిణీ మొదలవుతుంది. పుట్టినరోజులకు, వర్ధంతులకు, అభిమాన నాయకుల జన్మదినాలకు ఫుట్‌పాత్‌ల మీద పడుకున్నవారికి దుప్పట్లు కప్పడం, అన్నం పొట్లాలు అందించడం, ఆ ఫొటోలను పెట్టుకోవడం సర్వసాధారణమైపోయింది. ఇచ్చేవారిని తప్పుపట్టడానికి ఈ పోస్ట్ రాయడం లేదు. ఆకలితో ఉన్న మనిషికి ఆ పూట అన్నం దొరకడం చిన్న సంగతి కాదు. చలికి వణికే ముసలామెకు దుప్పటి విలువ ఏమిటో మనకంటే ఆమెకే బాగా తెలుసు. అయితే నిరాశ్రయుల మధ్య ఏళ్ల తరబడి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలను కొంత దగ్గరగా చూసిన మనిషిగా ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. ఆ సంస్థలు చేసే పనిలో మనిషిని నిజంగా వీధి నుంచి బయటికి తెచ్చే భాగమేదో అది ఫొటోకు అందదు, అందుకే దానికి దాతలు దొరకడం లేదు.

ముందు ఆ మనుషులెవరో చూద్దాం. 2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17.73 లక్షల మంది, అందులో పట్టణాల్లో ఉన్నవారు 9.38 లక్షలు. పదేళ్ల ముందు 2001లో మొత్తం సంఖ్య ఇంతకంటే ఎక్కువే, 19.43 లక్షలు, కానీ పట్టణాల్లో అప్పుడు 7.78 లక్షల మందే ఉండేవారు. అంటే పల్లెల్లో నిరాశ్రయులు తగ్గుతుండగా పట్టణాల్లో పెరిగారు. 2011లో ఇళ్లు లేనివారిని లెక్కించిన ఆ ఒక్క రాత్రి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లెక్కకు దొరికినవారే సుమారు 1.45 లక్షల మంది. వీరందరూ బిచ్చగాళ్లన్న అభిప్రాయం మనలో బలంగా పాతుకుపోయింది. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల రాత్రిపూట పడుకునేవారితో ఒక్కసారి మాట్లాడితే ఆ అభిప్రాయం నిలవదు. తెల్లవారుజామున అడ్డా మీద కూలి కోసం నిలబడేవారు, ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్ పనికి వెళ్లి అర్ధరాత్రి దాటాక ఆ హాలు గేటు బయటికి వచ్చేవారు, చెత్త ఏరుకునేవారు, హమాలీలు, భర్త వదిలేసిన స్త్రీలు, కొడుకులతో పడక ఇల్లు వదిలిన వృద్ధులు అక్కడ కనిపిస్తారు. మన పెళ్లిలో మనకు వడ్డించిన మనిషి ఆ రాత్రి ఫ్లైఓవర్ కింద పడుకుని ఉండవచ్చు. వారికి పని ఉంది, సంపాదన కూడా ఎంతో కొంత ఉంది. అడ్వాన్సు కట్టి గది అద్దెకు తీసుకునేంత సొమ్ము ఒక్కసారిగా చేతిలో నిలవదు, దాచుకోవడానికి తాళం పడే చోటు ఉండదు, నిద్రలో జేబు కోస్తే నెల కష్టం పోతుంది.

డబ్బుతో పాటు పోయేది ఆధార్ కార్డు. దానికి ముడిపడిన ఫోన్ కూడా అదే రాత్రి పోతే ఓటీపీ రాదు; ఇటుకలు, సిమెంటు మోసి అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తించదు. ఇక అక్కడి నుంచి ఆ మనిషికి రాజ్యంతో సంబంధం తెగిపోతుంది. మన సంక్షేమ వ్యవస్థ అంతా ఇంటి గుమ్మాన్ని ఆధారం చేసుకుని కట్టినదని నిరాశ్రయుల వైపు నుంచి చూస్తేనే అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలను ఒకటో తారీఖున సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు. ఇది మంచి పద్ధతే, కానీ ఇల్లే లేని ముసలాయనకు ఎక్కడికి తెచ్చిస్తారు? తెలంగాణలో 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే కోసం ఎక్కడెక్కడి జనం సొంత ఇళ్లకు పరుగులు తీశారు. వెళ్లడానికి ఇల్లు లేనివారిని ఆ రోజు ఎవరు వెతికి రాసుకున్నారు? ఇందిరమ్మ ఇళ్లలో తొలి ప్రాధాన్యం సొంత జాగా ఉన్నవారికి దక్కింది. పేదల ఇళ్ల పథకాలన్నీ రేషన్ కార్డునో, స్థానిక నివాసాన్నో అడుగుతాయి. అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నవారికి వరుసలో నిలబడే అర్హత కూడా దక్కడం లేదు.

ఇక్కడే మంచి సంస్థల అసలు పని మొదలవుతుంది, బయటివారికి అది పనిగానే కనబడదు. గుర్తింపు పొందిన ఆశ్రయ కేంద్రం నిర్వాహకులు ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్‌కు చిరునామా రుజువుగా తీసుకుంటారు. ఇల్లు లేని పౌరుడికి ఓటు నమోదు చేయడానికి ఎన్నికల సంఘం నిబంధన మరింత ఉదారంగా ఉంది. ఫారం 6లో రాసిన చోట ఆ మనిషి నిజంగా నిద్రిస్తున్నాడో లేదో బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వచ్చి చూసుకోవాలి, అలా ఒకటికి మించి రాత్రులు నిర్ధారించుకుంటే చాలు, ఏ కాగితమూ అడగనక్కరలేదు. ఇంత చక్కటి నిబంధన ఉన్నా, ఆ అధికారిని రాత్రిపూట ఆ ఫుట్‌పాత్ దాకా రప్పించడానికి ఎవరో ఒకరు పదిసార్లు ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ తిరిగేది సంస్థ కార్యకర్త. ఆ కార్యకర్త జీతం ఏ దాత రసీదులోనూ ఉండదు. బియ్యానికి ఇస్తారు, దుప్పట్లకు ఇస్తారు, తమ పేరు చెక్కించుకునేలా ఫ్యాన్లకూ బీరువాలకూ ఇస్తారు. ‘మనిషి జీతానికి ఇవ్వండి’ అంటే మాత్రం ‘అది పరిపాలనా ఖర్చు కదా’ అని వెనక్కి తగ్గుతారు. నాకు బాగా కోపం తెప్పించే మాట ఇదే. నిరాశ్రయుల సేవలో మనిషే ప్రధాన సాధనం. నెలల తరబడి ప్రతి రాత్రి అదే మూలకు వెళ్లి, ‘ఏం పెద్దాయనా, తిన్నావా, మోకాలి నొప్పి ఎట్లా ఉంది’ అని పలకరిస్తే తప్ప, ఎన్నోసార్లు మోసపోయిన ఆ పెద్దాయన తన అసలు పేరు కూడా చెప్పడు. ఆ నమ్మకం కుదిరాకే ఆసుపత్రికైనా, ఆశ్రయానికైనా, సొంత ఊరికైనా కదులుతాడు.

ఆశ్రయం విషయానికి వస్తే, ఈ రోజు మన నగరాల్లో ప్రభుత్వ డబ్బుతో నడిచే నైట్ షెల్టర్లు ఏ పాలకుడికో దయ కలిగి వచ్చినవి కావు. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డు కూడలి దగ్గరున్న ఒక తాత్కాలిక ఆశ్రయాన్ని అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తొలగించింది. నిరాశ్రయులతో పనిచేసే సంఘాలు ఊరుకోలేదు. ఢిల్లీ హైకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టింది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ 2010 జనవరిలో సుప్రీంకోర్టుకు లేఖ రాశారు. ఆకలి గురించి 2001లో పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన ఆ వ్యాజ్యం అలా నీడ గురించిన వ్యాజ్యం కూడా అయింది. ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే ఆశ్రయం ఉండాలనీ, అది ఏడాది పొడవునా తెరిచి ఉండాలనీ నియమం స్థిరపడింది అప్పుడే. తరువాత పట్టణ పేదల కోసం కేంద్రం పెట్టిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఆ ప్రమాణాన్నే తన పథకంలో చేర్చుకుంది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, నీళ్లు, మరుగుదొడ్లు, సామాను దాచుకునే సదుపాయం ఉండాలని రాసింది. 2016లో సుప్రీంకోర్టు జస్టిస్ కైలాష్ గంభీర్ నాయకత్వంలో కమిటీ వేసి, ఈ పథకం ఎక్కడెక్కడ ఎంతవరకు అమలవుతోందో పరిశీలించమంది. ఒక సంస్థ ఎన్నేళ్లు కష్టపడినా కట్టగలిగే షెల్టర్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఈ కోర్టు పోరాటం వల్ల దేశమంతటా వచ్చాయి. అయినా ‘మేం కోర్టులో కేసు వేస్తున్నాం, సాయం చేయండి’ అని అడిగే సంస్థను మనం అనుమానంగా చూస్తాం, రాజకీయం చేస్తున్నారని అంటాం.

లక్ష జనాభాకు వంద మందన్న ఆ లెక్క ప్రకారం 2011లోనే 67 లక్షలు దాటిన గ్రేటర్ హైదరాబాద్ జనాభాకు వంద మంది పట్టే షెల్టర్లు కనీసం 67 ఉండాలి. నగరం ఆ సంఖ్యకు ఇప్పటికీ చాలా దూరంలోనే ఉంది. చోటు లేదనే మాటను నేను నమ్మను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ఫంక్షన్ హాళ్లు, పాఠశాలలు రోజుల్లో ఆశ్రయాలుగా మారాయి. మనసుపెడితే చోటు దొరుకుతుందని అప్పుడు అందరం చూశాం. వీధి పిల్లల కోసం అమన్ వేదిక అనే సంస్థ హైదరాబాద్‌లో నడిపిన రెయిన్‌బో హోమ్స్ ఆలోచన కూడా ఇలాంటిదే. ప్రభుత్వ బడుల్లో వాడకుండా ఉన్న గదులనే పిల్లలకు ఇల్లుగా మార్చి, అక్కడే బడిలో చేర్పించడం అందులోని కీలకం. ఆ పిల్లల విషయంలో చేయగలిగింది పెద్దల విషయంలో ఎందుకు చేయలేకపోతున్నామన్నది అధికారులను అడగాల్సిన ప్రశ్న.

‘షెల్టర్లున్నా వాళ్లు రారండీ, రోడ్డు మీదే అలవాటైపోయింది’ అని కొందరు తీర్పు చెప్పేస్తారు. వెళ్లి చూస్తే కారణాలు తెలుస్తాయి. పనిచేసే అడ్డాకు, పడుకునే షెల్టరుకు మధ్య దూరం ఎక్కువైతే పొద్దున్నే కూలి దొరకదు. మగవారికి ఒకచోట, ఆడవారికి ఒకచోట అంటే భార్యాభర్తలు పిల్లలతో సహా విడిపోవాలి. తోపుడుబండి ఉన్నవాడు దాన్ని బయట వదిలి లోపల నిద్రపోలేడు. రాత్రి పదింటికి తలుపు వేసే షెల్టర్‌లోకి కేటరింగ్ పని ముగించుకుని ఒంటిగంటకు వచ్చేవాడు ఎట్లా చేరతాడు? పెద్దాసుపత్రుల దగ్గర పరిస్థితి మరో రకం. జిల్లాల నుంచి రోగిని తీసుకుని వచ్చిన కుటుంబాలు వారాల తరబడి చెట్ల కింద గడుపుతాయి, అందుకే ఉస్మానియా, నీలోఫర్ వంటి చోట్ల సహాయకుల కోసం షెల్టర్లు కట్టాల్సివచ్చింది.

మానసిక రోగంతో వీధిన పడ్డవారి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే సేవ పేరుతో ఘోరాలు జరుగుతున్నది ఇక్కడే. జడలు కట్టిన మనిషిని పట్టుకుని, కెమెరా ముందే బట్టలు విప్పి స్నానం చేయించి, గుండు గీయించి, ఆ వీడియోను లక్షల మందికి చూపించి విరాళాలు అడిగే అలవాటు తెలుగునాట విపరీతంగా పెరిగింది. అందులో కొందరి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ తన ముఖాన్ని చూపించవద్దని చెప్పగల స్థితిలో లేని మనిషి పరువును మనం అమ్ముతున్నామన్న స్పృహ ఉండాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటోను గానీ వివరాలను గానీ అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని చెబుతోంది. అదే చట్టంలోని 100వ సెక్షన్, వీధుల్లో తిరుగుతున్న మానసిక రోగిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకుని 24 గంటల లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలనీ, తప్పిపోయిన వ్యక్తిగా కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలనీ అంటోంది. ఎంతమందికి తెలుసు ఈ సంగతి? చెన్నైలో 1993 నుంచి పనిచేస్తున్న ది బన్యన్ సంస్థ దారి చూడండి. ఇంటికి వెళ్లలేక ఏళ్లపాటు ఆసుపత్రిలోనే ఉండిపోయిన స్త్రీలకు మామూలు వీధుల్లో మామూలు ఇళ్లను అద్దెకు తీసుకుని, నలుగురైదుగురు కలిసి ఒక కుటుంబంలా బతికేలా, అవసరమైన సహాయకురాలిని తోడుంచి నడుపుతోంది. కరుణాలయాల పేరుతో ప్రహరీ గోడల మధ్య వందల మందిని కూర్చోబెట్టే పద్ధతికంటే ఇది కష్టమైనది, నెమ్మదైనది. నా దృష్టిలో గౌరవప్రదమైనది ఇదే.

ఇక చట్టం మాట. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను రెండు నెలలపాటు నిషేధించి, రోడ్ల మీద ఉన్నవారిని వాహనాల్లో ఎక్కించి జైలు ప్రాంగణాల్లోని ఆశ్రమాలకు తరలించారు. అతిథుల కళ్లకు పేదరికం కనబడకుండా చేయడాన్ని పునరావాసం అని పిలిచారు. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, బిచ్చమెత్తడాన్ని నేరంగా చూసే నిబంధనలను ఆ నగరం వరకు కొట్టివేసింది. పిటిషన్ వేసిన ఇద్దరిలో ఒకరు ఇందాక చెప్పిన హర్ష్ మందరే. మన దగ్గర 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టంపై అంతటి గట్టి చర్చ జరగనేలేదు. బతకడానికి వేరే దారి చూపని ప్రభుత్వానికి అడుక్కున్నందుకు శిక్షించే హక్కు ఉండకూడదని నేను నమ్ముతున్నాను.

షెల్టర్లకు ఆధారమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కాలపరిమితి 2024 సెప్టెంబరుతో ముగిసింది. నిర్వహణ భారం ఇప్పుడు పురపాలక సంస్థలు, రాష్ట్రాలు, చిన్నచిన్న సంస్థల మీద పడుతుంది. అందుకే ఇవ్వగలిగినవారిని నేను కోరేది ఒక్కటే. ఈ ఏడాది దుప్పట్లకు కేటాయించిన డబ్బులో సగమైనా దగ్గరలోని ఒక షెల్టరు కేర్‌టేకర్ జీతానికో, నర్సు జీతానికో, లాయరు ఖర్చుకో, బయటికి వెళ్లే మనిషికి గది అడ్వాన్సుకో ఇవ్వండి. ఏడాదికి ఒకసారి కాకుండా నెలనెలా ఇవ్వండి. పోయిన ఏడాది ఎంతమందికి ఆధార్, పింఛను, బ్యాంకు ఖాతా ఇప్పించారో, ఎంతమంది అద్దె గదికి మారారో ఆ సంస్థను అడగండి. లెక్క చెప్పే సంస్థకే ఇవ్వండి.

సంస్థలవారికి కూడా ఒక విన్నపం ఉంది. రాబోయే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. 2011లో ఇళ్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కపూటలో లెక్కించారు. ఎవరు ఏ ఫ్లైఓవర్ కింద, ఏ గుడి వెనుక, ఏ మార్కెట్ షెడ్డులో పడుకుంటారో తెలియని ఎన్యూమరేటరు ఆ రాత్రి ఎంతమందిని కనుక్కోగలడు? ఆ చోట్లన్నీ మీకు తెలుసు. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, కర్నూలు, ఎక్కడ పనిచేస్తున్నా సరే, ఇప్పటి నుంచే మీ జాబితాలను, పటాలను సిద్ధం చేసి, కమిషనర్ల దగ్గరకు వెళ్లి, ఆ రాత్రి లెక్కించే బృందంతో పాటు మీ కార్యకర్తలను కూడా పంపుతామని రాతపూర్వకంగా అడగండి.