ఎవరిని అడిగి ఈ బేరం?

బానిసత్వం విషయమై ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధాన్ని సంప్రదింపులతో ఆపి ఉండొచ్చట. 2024 జనవరిలో అయోవా ప్రచారంలో డొనాల్డ్ ట్రంప్ అన్న మాట ఇది. రాజీపడే గుణం కొరవడే యుద్ధం వచ్చిందని 2017లో ఆయన దగ్గర శ్వేతసౌధ ప్రధానాధికారిగా ఉన్న జాన్ కెల్లీ కూడా అన్నారు. ఆరు లక్షల మందికి పైగా చనిపోయిన యుద్ధం రాకుండా ఉంటే బాగుండేదని ఎవరైనా అనుకుంటారు, అందులో తప్పులేదు. కానీ రాజీలు జరగలేదనడం పచ్చి అబద్ధం. డెబ్బై ఏళ్లకు పైగా జరిగినవన్నీ రాజీలే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ప్రతిసారీ ధారపోసింది నల్లవాళ్ల బతుకుల్నే.

1787లో రాజ్యాంగం రాస్తూనే బానిసల్ని ఐదింట మూడు వంతుల మనుషులుగా లెక్కగట్టి, దక్షిణాదికి అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో అదనపు సీట్లు ఇచ్చారు. ఆ బానిసలకు ఓటు మాత్రం లేదు. 1820లో మిస్సోరీ రాజీ: మిస్సోరీని బానిసత్వం ఉన్న రాష్ట్రంగా చేర్చుకుని, దాని దక్షిణ సరిహద్దు గీతకు ఉత్తరాన ఉన్న మిగతా పశ్చిమ భూభాగంలో బానిసత్వం వద్దన్నారు. 1850లో మరొకటి. హెన్రీ క్లే, డేనియల్ వెబ్‌స్టర్ లాంటి పేరుమోసిన సెనేటర్లు దగ్గరుండి నడిపిన ఆ ఒప్పందంలో, కాలిఫోర్నియాను బానిసత్వం లేని రాష్ట్రంగా చేర్చుకున్నందుకు బదులుగా పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించే కొత్త చట్టం తెచ్చారు. పట్టుబడినవాడు తన తరఫున సాక్ష్యం చెప్పుకోకూడదు. జ్యూరీ ఉండదు. యజమానికి అప్పగిస్తే విచారణాధికారికి 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5 డాలర్లు! తలదాచుకోవడానికి చోటిచ్చినవాళ్లకు 6 నెలల దాకా జైలు. ఇంతకన్నా సిగ్గుమాలిన బేరం ఉంటుందా?

వర్జీనియా నుంచి తప్పించుకుని బోస్టన్‌లో బట్టల దుకాణంలో పనికి కుదిరిన ఆంథోనీ బర్న్స్‌ని 1854లో పట్టుకున్నారు. వేలమంది జనం చూస్తుండగా సైనికుల కాపలాతో రేవు దాకా నడిపించి ఓడ ఎక్కించారు. ఆ రోజుల్లోనే, 1820 గీతకు ఉత్తరాన కూడా బానిసత్వానికి తలుపు తెరిచిన కాన్సాస్-నెబ్రాస్కా చట్టంతో నాటి రాజీనీ చెత్తబుట్టలో పడేశారు. అంటే దక్షిణాదివాళ్లు ఇచ్చిందంతా మింగి, ఇంకా కావాలన్నారు.

1861 మార్చిలో మరీ ఘోరం. అప్పటికే ఏడు దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయాయి. వాటిని బుజ్జగించడానికి, రాష్ట్రాల్లోని బానిసత్వం జోలికి కేంద్రం ఎప్పటికీ రాకుండా రాజ్యాంగ సవరణనే కాంగ్రెస్ ఆమోదించింది. అప్పుడే అధ్యక్షుడైన లింకన్ సైతం అభ్యంతరం లేదన్నారు. అయినా ఏప్రిల్‌లో దక్షిణాది ఫిరంగులు పేల్చి యుద్ధం మొదలుపెట్టింది.

ఇన్ని బేరాల్లో, దాదాపు 40 లక్షల మంది బానిసల్లో ఒక్కరినైనా కూర్చోబెట్టి అడిగారా? సంప్రదింపులతో సరిపోయేదని ఇవాళ తీరిగ్గా సెలవిచ్చే నాయకులు ముందు ఒక్కటి చెప్పాలి. ఏం ఇచ్చి ఆపేవారు? ఇంకా ఎన్నేళ్లు, ఎంతమంది తల్లుల చేతుల్లోంచి పిల్లల్ని లాక్కుని వేలం వేయనిచ్చేవారు? ఆ లెక్క చెప్పలేనప్పుడు నోరు మూసుకోవాలి.