మా ఆఫీసు ర్యాంపు జోలికి రావద్దు

మా ఊళ్లో ఒక ప్రభుత్వ కార్యాలయానికి ర్యాంపు లేదని ఎవరో పిటిషన్ పెట్టారట. తీవ్రంగా ఖండిస్తున్నాను. ర్యాంపు ఉంది. దాని మీద అటెండరు బండి, రెండు పూలకుండీలు, విరిగిన కుర్చీల గుట్ట కూడా ఉన్నాయి. ఇంత బరువు మోస్తున్నదాన్ని పట్టుకుని లేదనడానికి నోరెలా వచ్చిందో!

వాలు ఎక్కువైందని ఇంకో గొడవ. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలట. మా మెట్లు మూడూ కలిపి అడుగున్నర. అంటే 18 అడుగుల ర్యాంపు. అంత పొడుగు కడితే సారు కారు ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే ఇంజనీరు గారు నాలుగడుగుల్లో తేల్చేసి, అందం కోసం నున్నటి గ్రానైట్ పరిపించారు. మొన్న వానలో ఒకాయన వీల్‌చైర్‌తో సగం దాకా ఎక్కి, సర్రున వెనక్కొచ్చాడు. టీకొట్టు దగ్గరున్నవాళ్లు పట్టుకున్నారు.

"నువ్వెందుకన్నా లోపలికి, కాగితం ఇటివ్వు" అన్నాడు అటెండరు.

కాగితం వెళ్లింది. పావుగంటకి తిరిగొచ్చింది, "దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావలెను" అని ఎర్ర ఇంకుతో.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో అందరూ వెళ్లగలిగేలా మార్చాలి. ఆ నిబంధనలు 2017లో వచ్చాయి కాబట్టి 2022కే గడువు అయిపోయింది. గడువుకేం, కాళ్లున్నాయి, దాటిపోయింది.

అలాగని ఏమీ చెయ్యలేదనకండి. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇప్పుడు 21. బోర్డు మీద 'వికలాంగులు' చెరిపి 'దివ్యాంగులు' అని రాయించాం. సిమెంటు కన్నా పెయింటు చవక, నిజమే. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ పని మాత్రం పై అంతస్తులో పెట్టారు. లిఫ్ట్ లేదు. ఎక్కగలిగితే అర్హత లేనట్టు, ఎక్కలేకపోతే సర్టిఫికెట్ రానట్టు. ఇంత కచ్చితమైన పరీక్ష ఏ డాక్టరు పెట్టగలడు?

డిసెంబరు 3న, దివ్యాంగుల దినోత్సవం సభ ఘనంగా జరిగింది. స్టేజీకి ఐదు మెట్లు. సన్మానానికి ఆ వీల్‌చైర్ ఆయన్నే పిలిచారు. నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టారు. శాలువా కప్పారు, ఫొటోలు తీశారు. తర్వాత భోజనాలన్నారు. పెద్దలు దిగారు, ఆ నలుగురూ దిగారు. షామియానా వాళ్లు కుర్చీలు సర్దుకుంటూ వచ్చి, స్టేజీ మీద శాలువాతో కూర్చున్న ఆయన్ని అడిగారట: "ఇంకా ప్రోగ్రాం ఉందా సార్?"