45 మిల్లీలీటర్ల నిజాయతీ

బ్యాంకు ఉద్యోగానికి డ్రగ్స్ వాడారో లేదో చూసే మూత్ర పరీక్ష ఎందుకని ఈమధ్య కొందరు అజ్ఞానులు అడుగుతున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పెద్దలన్నారు. ఎలా పట్టగలడు? ఆయన దగ్గర త్రిశూలం ఉంది, మూడో కన్నుంది, ప్లాస్టిక్ కప్పు లేదు. ఆ లోటు తీర్చింది అమెరికా బ్యాంకుల హెచ్ఆర్ విభాగాలు. కాబట్టి ఈ పరీక్షల్ని నేను సంపూర్ణంగా సమర్థిస్తున్నాను. నా ఫిర్యాదల్లా, ఇంత దివ్యమైన పరీక్షని క్యాష్ కౌంటర్ దగ్గరే ఆపేశారని.

మా అక్క కొడుకు అక్కడ ఓ బ్యాంకులో టెల్లర్ ఉద్యోగానికి, అంటే క్యాష్ కౌంటర్లో కూర్చునే పనికి, పెట్టుకున్నాడు. ఆఫర్ లెటర్ వచ్చింది. ఇంట్లో అందరం సంబరపడ్డాక చివరి పేరా చదివాం. 'ఈ కింది షరతులకు లోబడి' అని ఉంది. లెటర్ కన్నా షరతులే పొడుగు. ఏడేళ్లుగా ఏయే ఇళ్లలో ఉన్నావు, ఎవరెవరి దగ్గర పనిచేశావు, అప్పులెన్ని, కిస్తీలు ఎప్పుడైనా ఎగ్గొట్టావా. పది వేళ్ల ముద్రలు సరేసరి.

తర్వాత హెచ్ఆర్ నుంచి ఫోను. "మధ్యలో నాలుగు నెలలు ఖాళీ కనిపిస్తోంది. అప్పుడేం చేస్తున్నారు?"

"ఉద్యోగం వెతుక్కుంటున్నానండీ."

"దానికేమైనా రుజువుందా?"

"మీ బ్యాంకే రెండుసార్లు వద్దంది. ఆ ఈమెయిళ్లు పంపమంటారా?"

పంపమన్నారు. పంపాడు. తృప్తిపడ్డారు.

ఇక అసలు పరీక్ష. ల్యాబులో జేబులు ఖాళీ చేయించారు. బాత్రూంలో కుళాయి కట్టేశారు, కమోడ్‌లో నీళ్లకి నీలం రంగు కలిపారు. శాంపిల్లో నీళ్లు కలిపే మహానుభావులుంటారు కదా, వాళ్ల కోసం. కప్పు పక్కన ఉష్ణోగ్రత చూపే పట్టీ ఉంటుంది. ఫెడరల్ ప్రభుత్వ పద్ధతి ప్రకారం శాంపిల్ ఇచ్చిన నాలుగు నిమిషాల్లోపు అది 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపించాలి, లేకపోతే అనుమానమే. కనీసం 45 మిల్లీలీటర్లు ఉండాలి. ప్రైవేటు ల్యాబులూ చాలావరకు ఇదే దారిలో నడుస్తాయి.

అక్కణ్ణుంచి మావాడు నాకు ఫోన్ చేశాడు. "మావయ్యా, రావట్లేదు."

"ఏంట్రా, రిజల్టా?"

"కాదు మావయ్యా, అంతకుముందుది."

దానికీ నిబంధన ఉంది. మూడు గంటలు ఆగుతారు, తాగడానికి నీళ్లిస్తారు. టెన్షన్‌లో ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గ్లాసు మీద గ్లాసు నీళ్లు పట్టించి, గడియారం చూస్తూ ఒక సంస్థ ఇంత ఓపిగ్గా ఎదురుచూడటం నేనెక్కడా వినలేదు. రెండు గంటల పది నిమిషాలకి మావాడి నిజాయతీ కప్పులోకి వచ్చింది.

ఈ శ్రద్ధ చూసి నా కళ్లు చెమర్చాయి. చరిత్ర తిరగేస్తే ఇంకా చెమర్చాయి. అమెరికాలో బ్యాంకు డిపాజిట్ల బీమా చట్టంలో 19వ సెక్షన్ ఉంది. మోసం, నమ్మకద్రోహం లాంటి నేరానికి ఎప్పుడు శిక్షపడినా, ప్రత్యేక అనుమతి లేకుండా ఆ మనిషి బ్యాంకులో పనిచేయకూడదు. 1963లో ఒక కుర్రాడు బట్టలుతికే మెషీన్‌లో పది సెంట్ల నాణేనికి బదులు అట్టముక్క వేశాడు. పట్టుబడ్డాడు, కేసైంది. తర్వాత దాదాపు అరవై ఎనిమిదేళ్ల వయసులో వెల్స్ ఫార్గో బ్యాంకు కస్టమర్ సర్వీసులో పనిచేస్తుండగా, 2012లో ఆ అట్టముక్క బయటపడింది. ఉద్యోగం ఊడింది. సుమారు యాభై ఏళ్లు వేచి ఉండి ధర్మం తన పది సెంట్లు వసూలు చేసుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అదే బ్యాంకులో టార్గెట్ల ఒత్తిడి మీద సిబ్బంది ఖాతాదారులకి చెప్పకుండా వాళ్ల పేర్ల మీద ఖాతాలు తెరుస్తున్నారు. ఒకటీ రెండూ కాదు, 2016లో బయటపడే నాటికి లెక్క సుమారు 20 లక్షలు. మరుసటి ఏడాది మళ్లీ లెక్కపెడితే 35 లక్షల దాకా వెళ్లింది. 18.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టి, 5,300 మంది ఉద్యోగుల్ని తీసేశామని బ్యాంకు చెప్పుకుంది. ఇందులో వైరుధ్యం ఉందని కొందరు ఎగతాళి చేస్తారు. నాకైతే ఏమీ కనపడలేదు. అట్టముక్క అట్టముక్కే. 35 లక్షల ఖాతాలంటే అది బిజినెస్ గ్రోత్. (2022 చివర్లో చట్టం మార్చి పాత చిల్లర నేరాలకి కొంత సడలింపు ఇచ్చారు. ధర్మానికి కలికాలమంటే ఇదే.)

డ్రగ్స్ విషయానికొస్తే బ్యాంకుల కాఠిన్యం ఇంకా మెచ్చదగ్గది. 2012లోనే హెచ్ఎస్‌బీసీ బ్యాంకు 192 కోట్ల డాలర్లు కట్టి ఒక కేసు నుంచి బయటపడింది. మెక్సికో, కొలంబియా డ్రగ్ ముఠాల డబ్బు, కనీసం 88.1 కోట్ల డాలర్లు, ఆ బ్యాంకు ద్వారా తెల్లబడిందని అమెరికా న్యాయశాఖ తేల్చింది. అందులో నన్ను కదిలించిన వివరం ఒకటుంది. ముఠావాళ్లు మెక్సికో శాఖల్లో డబ్బు కట్టడానికి ప్రత్యేకంగా పెట్టెలు చేయించుకున్నారు, కౌంటర్ కిటికీ కొలతలకి సరిగ్గా సరిపోయేలా. ఎవడో టేపు పట్టుకుని పొడవు, వెడల్పు, ఎత్తు కొలుచుకుని వెళ్లుంటాడు కదా. పెట్టె తోస్తే కిటికీలోంచి అంగుళం మిగలకుండా లోపలికి జారిపోతుంది. ల్యాబులో కూడా కప్పుని చిన్న కిటికీలోంచే తీసుకుంటారు. తేడా ఏమిటంటే, ఆ పెట్టె ఎన్ని డిగ్రీల వేడి మీద ఉందో ఎవరూ చూడలేదు. ఆ కేసులో ఒక్కరూ జైలుకి వెళ్లలేదు. బహుశా అందరూ మూత్ర పరీక్ష పాసైనవాళ్లే అయ్యుంటారు.

ఇక్కడే నా మొదటి సూచన. పరీక్ష పైనుంచి మొదలవ్వాలి. ఇది నా సొంత ఆలోచన కాదు. 1986 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు రేగన్ ఫెడరల్ ఉద్యోగులకి డ్రగ్ టెస్టు తెచ్చే ముందు తానే శాంపిల్ ఇచ్చాడు, వైట్‌హౌస్ పెద్దల చేతా ఇప్పించాడు. మరుసటి నెల ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. బ్యాంకులు ఆ ఉత్తర్వు స్ఫూర్తిని శిరసావహించాయి గానీ, ముందరి భాగం చదవడం మర్చిపోయాయి.

మర్చిపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశాం. కోఆపరేటివ్ బ్యాంకుకి 2010 నుంచి 2013 దాకా ఛైర్మన్‌గా ఉన్న పాల్ ఫ్లవర్స్ చర్చి పాస్టర్ కూడా. మనస్తత్వాన్ని కొలిచే సైకోమెట్రిక్ పరీక్షల్లో బాగా రాణించారనే ఎంపిక చేశామని తర్వాత బ్యాంకు వాళ్లు పార్లమెంటు కమిటీకి చెప్పుకున్నారు. అదే కమిటీ ముందు ఆయన్ని, మీ బ్యాంకు మొత్తం ఆస్తులెంత అనడిగితే 300 కోట్ల పౌండ్లన్నారు. అసలు లెక్క 4,700 కోట్లు. కొన్నాళ్లకే డ్రగ్స్ కొంటూ వీడియోలో దొరికారు. 2014లో కోర్టు 400 పౌండ్ల జరిమానా వేసింది. టెల్లర్ ఎవరైనా సాయంత్రం క్యాష్ లెక్కలో 4,400 కోట్లు తప్పు చెబితే కప్పు కోసం వెతికేవాళ్లు. ఛైర్మన్ చెబితే సగటు మనిషి మతిమరుపు కింద పోయింది.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ పనిచేయదనేవాళ్లకి బేరింగ్స్ అనే బ్రిటన్ బ్యాంకు ఉద్యోగి నిక్ లీసన్ కథ చెప్పాలి. 1992లో లండన్‌లో ట్రేడింగ్ లైసెన్సు దరఖాస్తులో, అప్పు విషయంలో తన మీద ఉన్న కోర్టు తీర్పుని దాచిపెట్టాడు. చెక్‌లో దొరికిపోయాడు. చూశారా, పనిచేసింది! బేరింగ్స్ బ్యాంకు ఆ దరఖాస్తు వెనక్కి తీసుకుని, అతన్ని సింగపూర్ పంపించి ట్రేడింగ్ చేయమంది. 1995లో అతను తెచ్చిన 82.7 కోట్ల పౌండ్ల నష్టంతో, 1762లో పుట్టిన ఆ బ్యాంకు ఒక్క పౌండుకి అమ్ముడుపోయింది.

రెండో సూచన కాస్త సున్నితమైనది. నోట్లకి కూడా డ్రగ్ టెస్టు పెట్టాలి. 2009లో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో ఒక అధ్యయనం సమర్పించారు. అమెరికా నగరాల్లో సేకరించిన డాలర్ నోట్లలో సుమారు 90 శాతం మీద కొకైన్ ఆనవాళ్లున్నాయట. భయపడాల్సిన మోతాదు కాదు, ఒక నోటు నుంచి ఇంకో నోటుకి లెక్కపెట్టే మెషీన్లలో అంటుకునే ధూళి లాంటిది. కానీ సూత్రం సూత్రమే కదా. కౌంటర్ వెనక కూర్చున్నవాడు పాసై, కౌంటర్ సొరుగులో ఉన్నది మూకుమ్మడిగా ఫెయిలైన సంస్థ ప్రపంచంలో ఇదొక్కటే. నిబంధన ప్రకారం ఆ నోట్లని వెంటనే విధుల్లోంచి తప్పించి, గత ఏడేళ్లలో ఏయే జేబుల్లో ఉన్నాయో, మధ్యలో కనపడకుండా పోయిన నెలల్లో ఎక్కడున్నాయో వివరణ అడగాలి. ఈ ప్రశ్న టెల్లర్‌ని అడగడం తేలికని నాకూ తెలుసు.

మావాడు పాసయ్యాడు. చేరిన రెండో వారంలో ఒకాయన సంచీ నిండా నోట్లతో వచ్చాడట. పది వేల డాలర్లు దాటిన నగదుకి అక్కడ ఓ ఫారం నింపాలి. మావాడు బుద్ధిగా ఫారం తీసి పేరు, చిరునామా అయ్యాక "మీరేం చేస్తుంటారండీ?" అనడిగాడు. ఆయన మొహం చిట్లించాడు. "ఇన్ని ప్రశ్నలేంటి?" అన్నాడు. గొంతు వినగానే మేనేజర్ గదిలోంచి పరుగున వచ్చి, క్షమించండి, కుర్రాడు కొత్త అని చెప్పి, లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి చల్లటి మంచినీళ్లు ఇప్పించాడు.

"నాకూ నీళ్లిచ్చారు కదా మావయ్యా," అన్నాడు మావాడు ఫోన్లో. "కాకపోతే రెండు గంటల పది నిమిషాలు కుర్చీ పక్కనే నిలబడి చూశారు."