పస్తులున్నా చావని ఏడుగురు

ఇది నిన్న మధ్యాహ్నం జరిగిన సంగతి. ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్ జన్యువును చొప్పించిన ఈ. కోలై బాక్టీరియాను కడిగి, తిండి అన్నది లేని ఉప్పు ద్రావణంలో పస్తులుంచి, ఏ రోజుకు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం నాకు అప్పగించిన పని. 1962లో జెల్లీఫిష్ నుంచి వేరుచేయబడి, 1994లో బాక్టీరియాలో వెలిగి, 2008లో ముగ్గురికి నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన ఆ ప్రొటీన్ నాకు తలవంపులు మాత్రమే తెచ్చిపెట్టింది. నిజానికి దాని తప్పేమీ లేదు.

పస్తులున్న కణం మేత పోసిన ప్లేటు మీద కాలనీ (పిల్లాపాపలతో కంటికి కనబడే గుంపు) కట్టనంత మాత్రాన చచ్చిందని చెప్పలేము. బతికి ఉండి కూడా పెరగని స్థితి ఒకటుందని 1982లోనే పరిశోధకులు చూపారు. అందుకే మైక్రోస్కోపు కావాలి. కణపు పొర చిరిగితే ఆకుపచ్చ ప్రొటీన్ బయటికి కారిపోతుంది, ప్రొపీడియం అయొడైడ్ అనే ఎర్ర రంగు లోపలికి చొరబడుతుంది. కనుక పచ్చనివి ఉన్నట్టు, ఎర్రనివి పోయినట్టు లెక్క. తొమ్మిదో రోజుకు నా ప్లేట్లన్నీ ఖాళీ. తెర మీద మాత్రం ఏడు పచ్చని చుక్కలు! పదో రోజు ఏడు, పదకొండో రోజు ఏడు, పద్నాలుగో రోజు కూడా ఏడే. ఆకలికి కణాలు కుంచించుకుపోయి గుండ్రబడతాయని చదువుకున్నవాణ్ణి కనుక, అవి అంత చిన్నగా, అంత గుండ్రంగా కనబడటం నాకు మరింత నమ్మకం కలిగించింది.

అంతేకాదు, నాలుగు చుక్కలు చతురస్రంగా, మూడు తోకలా ఉండటంతో వాటికి సప్తర్షులని పేరు కూడా పెట్టాను. తోకలో నడిమిదానికి వశిష్ఠుడని పేరు పెట్టి, పక్కన అరుంధతి ఉందేమోనని వెతికి, కనబడకపోతే పాపం ఆకలికి తట్టుకోలేకపోయిందని జాలిపడ్డాను. రోజుకొక కొత్త స్లైడు పెడుతున్నప్పుడు ఋషులు ప్రతిరోజూ అదే వరుసలో, అదే మూలలో ఎలా కూర్చుంటున్నారన్న ప్రశ్న మాత్రం ఈ బుర్రకు తట్టలేదు.

నిన్న మా గైడ్‌గారు మరో ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చారు. నేను తెర ముందు నిలబడి వశిష్ఠుణ్ణి వేలితో చూపిస్తున్నాను. పక్కన కూర్చున్న జూనియర్ అమ్మాయి, కణాలకు వెలుగు దెబ్బ తగలకూడదనే సదుద్దేశంతో, ఆ ప్రొటీన్‌ను వెలిగించే మైక్రోస్కోపు దీపం ఆర్పేసింది. ఋషులు వెలుగుతూనే ఉన్నారు. "అన్నా, దీపం లేకపోయినా వెలుగుతున్నాయేమిటి?" అని అడిగింది. ఆ ప్రొటీన్ వెలుగు దీపం ఆరిన కొన్ని నానోసెకన్లలోనే ఆగిపోతుందని నాకు బాగా తెలుసు; తెలిసి ఉండి కూడా, "కొంతసేపు నిలుస్తుందమ్మా" అని పెద్దమనిషి తరహాలో సమాధానం చెప్పాను. ఒక నిమిషం గడిచింది. నిలిచే ఉంది. అప్పుడు ఆ అమ్మాయి ఏమీ అనకుండా, ఎంతో మర్యాదగా, స్లైడును తీసి పక్కన పెట్టింది. స్లైడు లేని మైక్రోస్కోపులో, దీపం లేని చీకట్లో, ఏడుగురు ఋషులూ చెక్కుచెదరకుండా తపస్సు చేసుకుంటున్నారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు. పెద్దలలో ఒకరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. నాకైతే ఆయన తుడవవలసింది నన్నే అనిపించింది.

అవి కెమెరాలోని చెడిపోయిన పిక్సెళ్లు. కెమెరా తీసేది నలుపు తెలుపు బొమ్మే. దానికి ఆకుపచ్చ పూసేది సాఫ్ట్‌వేరు. కణాలు మసకబారే కొద్దీ నేను ఎక్స్‌పోజరును 200 మిల్లీసెకన్ల నుంచి 8 సెకన్లకు పెంచుకుంటూ పోయాను. అంతసేపు తెరిచి ఉంచితే చెడిన పిక్సెళ్లు వెలగక ఏం చేస్తాయి! చీకటిని కూడా సాగదీసి వెలుగుగా చూపించే ఆటో కాంట్రాస్ట్‌ను నాకంటే ముందు వాడిన మహానుభావుడెవరో టిక్కు పెట్టి వదిలేశాడు. వాడిన తరువాత సెట్టింగులు యథాస్థితికి తేవాలని గోడ మీద కాగితం అంటించి ఉంది. నెల రోజులుగా "ఇవాళ ఎన్ని?" అనడమే తప్ప "స్లైడు లేకుండా ఒక ఫోటో తీశావా?" అని ఒక్కసారైనా అడగని గైడ్‌గారు మాత్రం నిన్న అందరి ముందూ, "నేను మొదటి నుంచీ అనుమానిస్తూనే ఉన్నాను" అన్నారు.

ఈ ఉదయం వెళ్లి చూస్తే ఆటో కాంట్రాస్ట్ పక్కన టిక్కు మళ్లీ ఉంది. రిజిస్టరులో సంతకం లేదు.