త్వరగా ముగిస్తే ఏమిస్తారు?

మొన్న శనివారం మా ఆఫీసులో సగం రోజు శిక్షణ పెట్టారు. విషయం సంస్థాగత ప్రవర్తన. పనిచేసే చోట మనిషి ఒంటరిగా ఎలా ఉంటాడు, గుంపులో ఎలా మారతాడు, ఎందుకు మారతాడు అని పరిశీలించే శాస్త్రం. శాస్త్రంతో నాకు పేచీ లేదు. దాన్ని మాకు సగమే వడ్డించారని నా కోపం.

శిక్షకుడు హాథార్న్ కథ ఎత్తుకున్నారు. షికాగో పక్కన సిసిరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి హాథార్న్ కర్మాగారం, 1924లో మొదలైన ప్రయోగాలు. దీపాల వెలుగు పెంచితే పని పెరిగిందట, తగ్గించినా పెరిగిందట. కాబట్టి సిబ్బందిని కాస్త పట్టించుకుంటే చాలు, ఉత్సాహంగా పనిచేస్తారట. మా మేనేజరు గారు తల ఊపారు. పట్టించుకోవడానికి ఖర్చేమీ లేదు కదా! (ఆ దీపాల లెక్కలను 2011లో ఇద్దరు ఆర్థికవేత్తలు మళ్ళీ తిరగేస్తే, చెప్పుకున్నంత ప్రభావం కనబడలేదు. ఆ ముక్క ఆయన చెప్పలేదు.)

చెప్పకుండా వదిలేసిన అసలు కథ అదే కర్మాగారంలోని మరో గదిది. 1931 నవంబరులో టెలిఫోను పరికరాలకు తీగలు బిగించే పనిలోని 14 మంది మగవాళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక మూల పరిశీలకుడిని ఉంచారు. గుంపు మొత్తం ఎంత చేస్తే దాన్నిబట్టి కూలి. ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బు, కాబట్టి ఎగబడి చేస్తారనుకున్నారు. వాళ్ళు మాత్రం రోజుకు ఇంత చాలని తమలో తామే ఒక హద్దు గీసుకున్నారు. హద్దు దాటి జోరుగా చేసినవాడి జబ్బ మీద పక్కవాడు పిడికిలితో ఒకటి వేసేవాడు. మరీ వెనకబడినా మర్యాద దక్కేది కాదు.

సోమరితనమా? ఎక్కువ చేసి చూపిస్తే కూలి రేటు కోస్తారని, లేదా మనుషులను తీసేస్తారని వాళ్ళ భయం. బయట మహామాంద్యం. చివరికి పని లేక 1932 మేలో ఆ పరిశీలనే ఆగిపోయింది.

ఇప్పుడు నా పక్క సీటాయన సంగతి. ఆయన సోమవారం నివేదిక పదకొండున్నరకల్లా పూర్తవుతుంది. సరిచూసి, దాచి, సాయంత్రం నాలుగూ యాభైకి పంపుతారు. రెండేళ్ళ కిందట ఒకసారి మధ్యాహ్నమే పంపారు. ఆ సాయంత్రానికి ఇంకో టీము నివేదిక కూడా ఆయన నెత్తిన పడింది, ఈరోజుకీ దిగలేదు. ఆ ఏడాది రేటింగు మాత్రం మామూలే, ఎందుకంటే టీముకు ఇద్దరికే పై రేటింగు ఇవ్వాలని పైనుంచి ఆదేశం. నడిచే ఎద్దుకే ముల్లుకర్ర పోట్లని మా నాన్న అనేవారు. ఆయన ఏ శిక్షణకూ వెళ్ళలేదు.

ఇద్దరికే చోటున్న పంక్తిలో పదిమందిని నిలబెట్టి, కలిసి పనిచేయండని గోడ మీద పోస్టరు అంటించడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. కొత్తగా చేరిన అమ్మాయి ఒక ఫార్ములా అడిగితే, నేర్పే ముందు నేను కూడా ఒక క్షణం ఆలోచించాను. ఆ క్షణం నాకు సిగ్గుగానే ఉంది. కానీ అది నా పుట్టుబుద్ధి కాదు, ఇక్కడ అబ్బిందే.

చివర్లో ప్రశ్నలు అడగమన్నారు. లేచి అడిగాను: "సార్, త్వరగా పని ముగించినవాడికి మన ఆఫీసు ఏమిస్తుంది?" శిక్షకుడు మేనేజరు గారి వైపు చూశారు. మేనేజరు గారు ఫోను చూసుకున్నారు. పక్క సీటాయన నా మోచేతిని మెల్లగా తట్టి, "కూర్చోవయ్యా, ఇంకో పని తగిలిస్తారు" అన్నారు.