తగ్గించాల్సింది యుఫోనియం మనిషినేనా?

రాత్రి ఎదురుకోలు దగ్గర జరిగింది ఇక్కడ చెప్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు. మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషి ఒకాయన బ్యాండు మాస్టారిని పక్కకి పిలిచి, "ఏవయ్యా, ఆ లావు బూర దేనికి? ట్రంపెట్లు ఉన్నాయిగా, అది ఎలాగూ వినపడదు. ఆ మనిషిని తగ్గించుకుని రేటు చెప్పు" అన్నాడు. మాస్టారు ఏమంటాడు, ముహూర్తాల రోజుల్లో బేరం పోగొట్టుకోలేడు కదా, "సరే బాబుగారూ" అన్నాడు. ఆ లావు బూర పేరు యుఫోనియం. దాన్ని వాయించే పెద్దాయన మారుమాట లేకుండా బూరని గుడ్డసంచిలో పెట్టుకుని ఆటో స్టాండు వైపు వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళిలో డ్రోన్ కెమెరా ఉంది, పొగ మిషన్ ఉంది, నిప్పురవ్వలు చిమ్మే గొట్టాలు ఉన్నాయి. వాటిలో ఒక్కటీ తగ్గలేదు. తగ్గింది ఊపిరి పెట్టి వాయించే మనిషి.

ఊరేగింపు కదిలాక విన్నాను. పైన ట్రంపెట్లు, కింద డ్రమ్ములు, మధ్యలో ఖాళీ. పాట మొత్తం చెవిలో గుచ్చుకుంటోంది. అక్కడున్నవాళ్ళు "బ్యాండు బాగోలేదు, డీజే పెట్టాల్సింది" అనుకుంటున్నారు. బాగుండేలా చేసేవాణ్ణి మీరే పంపించేశారు కదండీ!

"వినపడదు" అన్న మాటకే నాకు ఎక్కువ మండింది. మా చిన మావయ్య బ్యాండులో యుఫోనియం వాయించేవాడు కాబట్టి అదేంటో నాకు కొంచెం తెలుసు. మామూలు ట్రంపెట్ గొట్టం చుట్టలు విప్పి సాగదీస్తే సుమారు నాలుగున్నర అడుగులు. యుఫోనియం గొట్టం దానికి రెట్టింపు, సుమారు తొమ్మిది అడుగులు, అందుకే సరిగ్గా ఒక స్థాయి (పై స నుంచి కింది స దాకా ఉన్నంత దూరం) కింద పలుకుతుంది. ఇంకా కింద పలికే పెద్ద బూర ట్యూబా దానికి మళ్ళీ రెట్టింపు, పద్దెనిమిది అడుగులు. ట్రంపెట్ తారస్థాయిలో పాడే పాటనే యుఫోనియం కింది స్థాయిలో పాడుతుంది, లేదా ట్రంపెట్ ఆగినచోట అందుకుని జవాబు చెబుతుంది. విడిగా వినపడటం దాని పని కాదు. అది ఉన్నంతసేపూ ట్రంపెట్ నిండుగా వినపడుతుంది. ఆపితే అదే ట్రంపెట్ పలచబడిపోతుంది. ఇది తెలియాలంటే సంగీతం నేర్చుకోనక్కర్లేదు, చెవి పెట్టి రెండు నిమిషాలు వింటే చాలు.

ఇంకో మాట కూడా తరచూ వింటుంటాను, "ట్రాంబోన్ ఉందిగా, అదీ ఇదీ ఒకటే" అని. ట్రాంబోన్ అంటే గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ వాయించే బూర. పొడవు ఒకటే, నిజమే, అది కూడా తొమ్మిది అడుగులే. కానీ దాని గొట్టం చాలా దూరం ఒకే లావులో నడిచి చివర్లో విచ్చుకుంటుంది. యుఫోనియం గొట్టం ఊదే మూతి దాటి కొద్ది దూరం పోయాక గరాటులా వెడల్పవుతూ పోతుంది. అందుకే గట్టిగా ఊదినప్పుడు ట్రాంబోన్, ట్రంపెట్ చురుగ్గా మారి గర్జిస్తాయి, యుఫోనియం ఎంత ఊదినా గుండ్రంగానే ఉంటుంది. అదే పొడవు, అదే స్థాయి, లోపలి ఆకారం తేడాతో వేరే గొంతు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు అనేవాళ్ళు రెండూ ఎప్పుడూ వినలేదని అర్థం.

వాయించడం ఏమైనా తేలికా? పిస్టన్లు, అంటే వేళ్ళతో నొక్కే బొత్తాలు, మూడే కదా అంటారు. ఒక్క పిస్టనూ నొక్కకుండా పెదవులు బిగిస్తూ పోతే స, ప, పై స, ఆ పైన గ, ప వస్తాయి, అంతా పెదవుల మీదే. మిగతా స్వరాల కోసం పిస్టన్ నొక్కితే గాలి అదనపు గొట్టంలోకి మళ్ళి దారి పొడవవుతుంది: రెండోది అరస్వరం దించుతుంది, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర. చిక్కు ఏంటంటే మొదటిదీ మూడోదీ కలిపి నొక్కితే శ్రుతి పైకి పోతుంది. రెండు అదనపు గొట్టాలూ కలిపి ముప్పైమూడు, ముప్పైనాలుగు అంగుళాలు వస్తే, ఆ స్వరానికి ముప్పైఆరు దాకా కావాలి. మూడూ నొక్కితే ఇంకా ఘోరం. 1870లలో లండన్‌లో బూసీ కంపెనీలో పనిచేసిన బ్లైక్లీ అనే ఆయన దీనికో ఉపాయం కనిపెట్టాడు. పిస్టన్లు కలిపి నొక్కినప్పుడు గాలి మళ్ళీ వెనక్కొచ్చి చిన్న గొట్టాల గుండా ఇంకోసారి తిరిగి ఆ లోటు పూడుస్తుంది. ఇంగ్లండు బ్రాస్ బ్యాండ్లలో నాలుగు పిస్టన్ల యుఫోనియంలు ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. మన పెళ్ళి బ్యాండ్లలో నేను చూసినవన్నీ మీరట్ నుంచి వచ్చిన మామూలు మూడు పిస్టన్లవే. అంటే ఆ లోటు మన వాయిద్యగాడు పెదవితో సర్దుకోవాలి, నడుస్తూ, నాలుగు కిలోల దాకా బరువుని ఎడమచేత్తో పొట్టకి అదుముకుని, ఎండలో, అదీ పాట పాటకీ. మావయ్య వాయిద్యానికి కింది వంపు దగ్గర టంకం పెట్టిన మచ్చ ఉండేది. ఊరేగింపు ఆగినప్పుడల్లా చిన్న మీట నొక్కి, ఊపిరి తేమ నీళ్ళయి లోపల చేరినదంతా రోడ్డు మీద వంచేవాడు. పెళ్ళివారి పిల్లలు "ఉమ్ము, ఉమ్ము" అని నవ్వేవాళ్ళు, పెద్దవాళ్ళు ఒక్కరూ వారించేవాళ్ళు కాదు. బ్యాండువాళ్ళకి భోజనం అందరూ తిన్నాక, గేటు బయట.

అసలు నా కోపం రాత్రిది కాదు, చాలా పాతది. వయొలిన్ ఎక్కడిది? యూరప్‌ది. బాలుస్వామి దీక్షితులు నేర్చుకుంటే మన కచేరీలోకి వచ్చింది, విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు వాయిస్తే మనదే అయిపోయింది. క్లారినెట్‌కి ఏ.కె.సి. నటరాజన్, శాక్సాఫోన్‌కి కద్రి గోపాల్‌నాథ్, మాండొలిన్‌కి మన పాలకొల్లు శ్రీనివాస్. అన్నీ విదేశీ వాయిద్యాలే, అన్నిటికీ వేదిక దొరికింది, శాలువా దొరికింది. పిస్టన్ల బూరలు మాత్రం ఇన్నేళ్ళయినా రోడ్డు మీదే ఉన్నాయి. వాటి మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, కుదరదంటారు. మెట్లున్న మాండొలిన్ మీద గమకం పలకలేదా? శాక్సాఫోన్‌కి మార్పులు చేయించుకుని గోపాల్‌నాథ్ గారు పలికించలేదా? పిస్టన్ సగం నొక్కి, పెదవి వదులు చేసి మావయ్య జారుళ్ళు పలికించేవాడు, నేను చెవులారా విన్నాను. లోపం వాయిద్యంలో లేదు, వాయించేవాళ్ళ కులం, వాళ్ళు నిలబడే చోటు మన కంటికి ఆనలేదు. వయొలిన్ పట్టుకున్న చేతులు వేరు, బ్యాండు పట్టుకున్న చేతులు వేరు, అంతే తేడా. పోలీసు బ్యాండులో, మిలిటరీ బ్యాండులో ఇదే వాయిద్యం యూనిఫాం వేసుకుని నడిస్తే లేచి నిలబడి చప్పట్లు కొడతాం. పెళ్ళి బ్యాండులో అదే మనిషి ఊదితే "లావు బూర".

ఇది చదివి "అంత బాధెందుకు, ఒక మనిషే కదా" అని కామెంట్ పెట్టేవాళ్ళు పెట్టుకోండి, నేను జవాబివ్వను. మా ఇంట్లో వచ్చే పెళ్ళికి బ్యాండు నేనే మాట్లాడుతున్నా. రెండు యుఫోనియంలు ఉంటాయి, అడ్వాన్సు ముందే ఇస్తాం, అందరూ మొదటి బంతిలోనే మాతో కూర్చుని తింటారు. ఎవరైనా మనిషిని తగ్గించమంటే మాస్టారితో కాదు, నాతో మాట్లాడాలి.